గుర్రం ఇచ్చుడు

నీళ్ళ తొట్టిలో ట్యూబును ముంచి, కొద్దికొద్దిగా తిప్పుతూ ఇస్రాయేలు బుడగ కోసం చూస్తున్నాడు. తొట్టి అంటే సగానికి కోసిన పాత ఇనుప డ్రమ్ము. అందులో నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయిందో ఆ డ్రమ్మునే అడగాలి. పైన నూనె తెట్టు, అడుగున ఒండ్రు. ట్యూబు ముప్పావు వంతు తిరిగాక సన్నటి బుడగల తీగ ఒకటి లేచి పైకొచ్చి పగిలింది. ఇస్రాయేలు ఆ చోట బొటనవేలు అదిమిపెట్టి, ట్యూబును బయటికి తీసి, భుజం మీది గుడ్డతో తుడిచి, చాక్‌పీసుతో సున్నా చుట్టాడు. చిన్న మేకు చేసిన పని అది. బండి యజమాని పక్కనే నిలబడి ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు.

యాభై దాటిన మనిషి ఇస్రాయేలు. పొట్టి. టామీ కడ్డీ వేసి లారీ టైర్లు విప్పీ విప్పీ కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి దిగింది. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళందరికీ ఉన్నట్టే పళ్ళ మీద గోధుమరంగు గార. గోళ్ళ సందుల్లో నలుపు ఆదివారం చర్చికి పోయేటప్పుడు సర్ఫు పెట్టి తోమినా పోదు. పాస్టరు గారు చెయ్యి కలిపినప్పుడల్లా ఇస్రాయేలు వేళ్ళు ముడుచుకుంటాడు. మాట తక్కువ. నార్కట్‌పల్లి చౌరస్తాలో బీరప్ప టైర్ల షాపు తెలియని డ్రైవరు లేడు గానీ, అందులో పని చేసేవాడి పేరు అడిగితే చెప్పగలిగినవాళ్ళు కొద్దిమందే. విజయవాడ పోయే పెద్ద రోడ్డు నుంచి అద్దంకి రోడ్డు చీలేది ఇక్కడే. ఎక్కడెక్కడికో పోయే బండ్లు ఇక్కడ ఆగి, గాలి నింపించుకుని పోతాయి. ఇస్రాయేలు మాత్రం చదువు చెడినప్పటి నుంచీ ఇదే రేకుల షెడ్డు కింద ఉన్నాడు.

ఆ రోజు అమావాస్య. చెర్వుగట్టు గుడికి పోయే ఆటోలు, ట్రాలీలు పొద్దున్నించీ బారులు తీరాయి. బీరప్ప కుర్చీలోంచి కదలకుండా, "ఇస్రాయేలు, గిది సూడు", "ఇస్రాయేలు, గా బండికి గాలి కొట్టు" అని కేకలేస్తున్నాడు. ఇంత రద్దీలో సుక్కమ్మ వచ్చి, షెడ్డు కింద పేర్చిన పాత టైర్ల పక్కన నిలబడింది. ఆమెను చూడగానే ఇస్రాయేలు చేతిలోని గీకుడు రాయి ఆగిపోయింది.

సుక్కమ్మ వీరేశం భార్య. వీరేశం అంటే ఇస్రాయేలుకు దోస్తు అని చెబితే సరిపోదు గానీ అంతకన్నా వేరే మాట వాళ్ళిద్దరూ ఎప్పుడూ వాడుకోలేదు. ఒక ఊరు, ఒక వాడ, నకిరేకల్ హాస్టల్లో ఒకే చాప. వీరేశం చాలా ఏళ్ళు లారీ నడిపాడు. కిడ్నీలు పాడయి రెండేళ్ళ నుంచి ఇంట్లోనే ఉన్నాడు. వారానికి మూడుసార్లు దివాకర్ ఆటోలో నల్లగొండ దవాఖానకు పోయి రక్తం కడిగించుకుని రావాలి.

"మొన్నటి వాయిదా పోలేదన్నా," అంది సుక్కమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రేపు గూడ పోడంట. కాళ్ళు పొంగినయ్, ఊపిరి ఎగబోస్తున్నడు. డాక్టరు ముందుగాల్నే చెప్పిండు, రెండు మూడు వాయిదాలు తప్పితె ఇగ మనిషి దక్కడని."

"నిన్న నేను గూడ చెప్పిన చెల్లె. నా మాట యాడ ఇంటున్నడు?"

"మాటతోని ఇనడు." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఆయనతోని ఆడు. ఆడి గెలువు. బోర్డు మీద తేలింది ఆయన ఏనాడన్న తప్పిండా?"

ఇస్రాయేలు నిజంగా నివ్వెరపోయాడు. ఆ చదరంగం బోర్డును పొయ్యిలో పెడతానని పెళ్ళయినప్పటి నుంచీ బెదిరిస్తూ వచ్చింది సుక్కమ్మే. వంకాయ కూర చల్లారిపోతున్నా, చుట్టాలు వచ్చి కూర్చున్నా లేవరని ఇద్దర్నీ కలిపి తిట్టింది కూడా ఆమే. అలాంటిది ఇప్పుడు తనే ఆడమంటోంది.

"ఆడ్త చెల్లె," అన్నాడు. "దివాకర్‌కు చెప్పు, పొద్దుగాల్నే ఆటో తెమ్మను."

ఆమె పోయాక చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. సున్నా చుట్టిన చోట రాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నోటితో ఊది, ప్యాచీ అతికించి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. మనసు మాత్రం తేలికపడింది. చాలా రోజుల తర్వాత తేలికపడింది. ఎందుకంటే ఆటలో వీరేశం తనను గెలవలేడు. అది ఇస్రాయేలుకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

ఆ సంగతి ఇట్లా మొదలయింది. హాస్టల్లో పెద్ద పిల్లలు వదిలేసి పోయిన అట్ట బోర్డు ఒకటి వీళ్ళ చేతికి చిక్కింది. పావుల్లో ఒక ఏనుగు పోతే దాని జాగాలో ఒక నట్టు పెట్టుకున్నారు. ఆట నేర్చుకున్న కొత్తలోనే ఇద్దరికీ ఒక కట్టుబాటు ఏర్పడింది. మాటతో తెగని ప్రతిదీ బోర్డు మీద తేల్చుకోవాలి. తేలిన తర్వాత మళ్ళీ మాట్లాడకూడదు. కంచాలు ఎవరు కడగాలి, వార్డెను దగ్గర తన్నులు ఎవరు తినాలి, ఒక్కటే ఉన్న మంచి చొక్కా ఎవరు తొడుక్కోవాలి, అన్నీ అట్లాగే తేలాయి. పదో తరగతి ఇద్దరూ తప్పారు. బీరప్ప తండ్రి షాపులో ఒక్క మనిషికే పని ఉందన్నప్పుడు కూడా బోర్డే వేసుకున్నారు. ఇస్రాయేలు ఎప్పటిలాగే ఒక్కొక్క బంటును కాపాడుకుంటూ, రాజును మూలకు చేర్చి, నిదానంగా గెలిచాడు. పని అతనికి వచ్చింది. ఓడిన వీరేశం లారీ మీద క్లీనరుగా పోయాడు.

గెలిచినవాడు షెడ్డు కింద ఉండిపోయాడు, ఓడినవాడు దేశం తిరిగాడు. నాగపూరు నారింజలు, ఒరిస్సా వరదలు, బొంబాయి రోడ్డు మీద పొగమంచు వీటన్నింటినీ వీరేశం ఊరికి మోసుకొచ్చి, బోర్డు ముందు కూర్చుని చెప్పేవాడు. ఇస్రాయేలు తల ఊపుతూ వినేవాడు. ఆ ఆట ఓడి ఉంటే ఎట్లా ఉండేదో అని చాలాసార్లు అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. భార్య లీలమ్మకు కూడా చెప్పలేదు.

ఒకసారి నాగపూరు దగ్గర దాబాలో ఎవరో సర్దార్జీ డ్రైవరు వీరేశానికి కొత్త ఎత్తొకటి నేర్పాడు. మొదట్లోనే, నాలుగో ఎత్తులోనే, కాపలా ఉన్న బంటును గుర్రంతో కొట్టడం. ఎదుటివాడు ఆ గుర్రాన్ని ఊరికే తినేస్తాడు. గుర్రమంతటి దాన్ని ఒక బంటు కోసం పారేసుకోవడమన్నమాట. తిన్నవాడు నవ్వుకునేలోపే ఇటు నడిమి బంట్లు రెండూ పక్కపక్కన ముందుకు దూసుకొచ్చి, వాడి రెండు గుర్రాలనూ తరుముతాయి. ఒకటి పక్కకు పారిపోతుంది, ఇంకొకటి బయల్దేరిన గడికే తిరిగిపోతుంది. వెనకాలే ఒంటె, మంత్రి వచ్చి పడతారు. వీరేశం దానికి 'గుర్రం ఇచ్చుడు' అని పేరు పెట్టాడు. మొదటి రెండు మూడు ఆటల్లో ఇస్రాయేలు చిత్తుగా ఓడాడు.

తర్వాత ట్యూబులు గీకుతూ, టైర్లు ఎక్కిస్తూ కొన్ని వారాలు అదే ఆలోచించాడు. ఆఖరికి దొరికింది. తినేసిన గుర్రాన్ని చూసి మురిసిపోకూడదు, ఎంతో కొంత తిరిగి ఇచ్చేయాలి. సరిగ్గా ఒంటె వచ్చి నిలిచిన ఎత్తులో మంత్రి ముందున్న బంటును రెండు గడులు తోసి, తీసుకొమ్మని వదిలేయాలి. వాడు తీసుకుంటాడు. అప్పుడు తన వాళ్ళకు దారులు తెరుచుకుంటాయి, వాడి దూకుడు చప్పబడుతుంది. ఆ ఎత్తు కనిపెట్టిన నాటి నుంచి ఇస్రాయేలు ఓడలేదు. అయినా వీరేశం గుర్రం ఇవ్వడం మానలేదు.

"ఎందుకురా, ఓడిపోతవని తెలుసు గదా?" అని ఒకసారి అడిగాడు.

"ఓడిపోయేదాంక ఉంటది సూడు, నీ గుర్రాలు రెండు ఇంటికి ఉరుకుతయ్ సూడు, గంత సేపు నేనే రాజునురా," అన్నాడు వీరేశం. "తర్వాత నువ్వు గెలువు. ఎవలొద్దన్నరు?"

సాయంత్రం నాలుగు దాటాక ఇస్రాయేలు బీరప్పకు చెప్పి బయటపడ్డాడు. చేతులు కిరోసిన్‌తో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, సైకిలెక్కాడు. వాడకు పోయే దారిలో కాలువ పక్కన ఒక్క నిమిషం ఆగాడు. ఆట గురించి దేవుడికి మొరపెట్టుకోవడం ఎంత పిల్ల చేష్టో అతనికి తెలుసు. ఆటల్లో సాయం చెయ్యమని ప్రభువును అడగకూడదని పాస్టరు గారు క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లల్ని మందలించడం తను విన్నాడు. అయినా కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ ఒక్కటి గెలిపియ్యి," అన్నాడు. మళ్ళీ పెడల్ తొక్కాడు.

వీరేశం వాకిట్లో వేపచెట్టు నీడన నవారు మంచం మీద గోడకు వేసిన బొంతకు ఒరిగి కూర్చున్నాడు. ఒకప్పుడు స్టీరింగు పట్టిన చేతులవి. ఇప్పుడు ఎడమ చేతిలో సూదుల కోసం కలిపిన నరం తాడులా ఉబ్బి, చర్మం కింద గుయ్యిమంటూ కొట్టుకుంటోంది. మొహం బూడిదరంగుకు తిరిగింది. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. ఒళ్ళంతా దురద, గోకిన చోటల్లా తెల్లటి గీతలు. పెదాలు ఎండిపోయి పగిలాయి. నీళ్ళు కొలిచి గుక్కెడు గుక్కెడు తాగాలి గనక, తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటూ ఉంటాడు.

"నా పెండ్లాం పంపిందా?" అన్నాడు చూడగానే.

"అవ్."

వీరేశం నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా ఇస్రాయేలు తల వంచుకుని నిలబడ్డాడు. సుక్కమ్మ లోపలి నుంచి బోర్డు, పావుల డబ్బా తెచ్చి మంచం మీద పెట్టి, గడప మీద కూర్చుంది. ఆమె ఆట చూడ్డానికి కూర్చోవడం అదే మొదటిసారి.

"సూడురా," అన్నాడు వీరేశం. ఊపిరి కోసం మాట మాటకూ ఆగుతున్నాడు. "పోవుడు, సూదులు గుచ్చిచ్చుకునుడు, వచ్చి పండుడు. లేసెటాల్లకు మళ్ల పోవుడు. బతుకుడు యాడుందిరా నడుమ? నాకు శాతనయితలేదు. ఇగ ఒద్దు."

"ఆడుదాం. నేను గెలిస్తె రేపు పోవాలె."

"రేపే కాదు, ఎన్నడు వద్దనను. నువ్వు గెలిస్తె నోరు మూసుకోని పోత, పాణం ఉన్నన్ని రోజులు పోత. మరి నేను గెలిస్తె?"

ఇస్రాయేలు డబ్బా తెరిచి పావులు పేర్చసాగాడు.

"నేను గెలిస్తె నన్నెవలు అడుగొద్దు. గది గూడ తప్పొద్దు. నువ్వు తప్పొద్దు, ఇంట్ల గూడ తప్పొద్దు."

ఇస్రాయేలు గడప వైపు చూశాడు. సుక్కమ్మ కళ్ళతోనే సరే అనమంది. అంత నమ్మకం ఆమెకు. అతనికీ అంతే నమ్మకం ఉంది.

"సరె," అన్నాడు.

ఓడుతూ వచ్చినవాడికి తెల్లవి ఇవ్వడం వాళ్ళ అలవాటు. అందుకని తెల్లవి ఎప్పుడూ వీరేశానివే. ఇద్దరూ రాజు ముందరి బంటును తోశారు. గుర్రాలు బయటికొచ్చాయి. ఇస్రాయేలుకు ఇప్పుడు ఒక్కటే భయం. ఈ ఒక్కసారికీ వీడు బుద్ధిగా, నిదానంగా ఆడతాడేమో! అట్లా ఆడితే ఎంత సేపు పడుతుందో, ఏమవుతుందో చెప్పలేం. నాలుగో ఎత్తుకు వీరేశం చెయ్యి గాలిలో ఆగింది. ఆ చెయ్యి గుర్రాన్ని ఎత్తి, ఎదురుగా ఉన్న బంటును తోసేసి దాని జాగాలో కూర్చోబెట్టింది.

ఇస్రాయేలుకు అది చాలు. గెలిచినట్టే. మనిషి దక్కినట్టే. తన గుర్రంతో ఆ గుర్రాన్ని తీసి, మంచం కోడు పక్కన నేల మీద నిలబెట్టాడు. వీరేశం బంట్లు రెండూ ముందుకొచ్చాయి. ఇస్రాయేలు గుర్రాల్లో ఒకటి పక్కకు తప్పుకుంది, ఒకటి ఇంటికి పోయింది. "ఉరుకు, ఉరుకు," అన్నాడు వీరేశం, పెదాలు తడుపుకుంటూ. కళ్ళు మెరిశాయి. ఒంటె ఏటవాలుగా వచ్చి నిలిచింది.

ఇదే ఆ ఎత్తు. మంత్రి ముందరి బంటును తోసి వదిలేయాల్సింది ఇక్కడే. ఇస్రాయేలు చెయ్యి దాని మీదకు పోయింది. ఎన్నేళ్ళుగా ఇదే జాగాలో ఇదే బంటును కళ్ళు మూసుకుని తోశాడో! వేళ్ళు బంటుకు అంగుళం దూరంలో ఉండగా ఆగిపోయాయి.

అతనికి ఎదురుగా పొంగిన పాదాలు కనిపించాయి. చేతిలో కొట్టుకుంటున్న నరం కనిపించింది. ఇంత పెద్ద పందెం పెట్టి ఆడుతున్నప్పుడు చేజేతులా ఏదైనా వదిలేయడమేమిటి అనిపించింది. ఒక గుర్రం మిగులు ఉంది తన దగ్గర. ఉన్నది ఉన్నట్టు కాపాడుకుంటే చాలదా? వాడి దగ్గర బలం తక్కువ, ఎంత దూకినా ఎంతసేపు దూకుతాడు? ఇవాళ ఒక్క బంటు కూడా పోకూడదు. ఇవాళ ఏదీ పోనివ్వకూడదు. ఆ మాట అతనికి ఎంత న్యాయంగా తోచిందంటే, చెయ్యి దానంతట అదే పక్కకు జరిగి, మూలకున్న ఇంకో బంటును ఒక్క గడి జరిపింది. తలుపు గడియ పెట్టుకున్నట్టు.

వీరేశం తలెత్తి చూశాడు. "తొయ్యలేదేందిరా?"

"నా ఇష్టం."

వీరేశం కాసేపు బోర్డును, కాసేపు దోస్తు మొహాన్ని చూశాడు. తర్వాత మంత్రిని బయటికి తీసుకొచ్చి, రాజు పక్కనున్న బంటు మీద గురిపెట్టాడు. ఇస్రాయేలు తన మంత్రిని అడ్డం పెట్టాడు. వీరేశం మిగిలిన గుర్రం నడిబొడ్డుకు దూకింది. అప్పుడైనా దారి ఉంది. తన దగ్గరున్న ఆ మిగులు గుర్రాన్ని ఎదురుగా నిలిచిన బంటు మీద వదిలేస్తే చాలు, వాడి పట్టు విరిగిపోతుంది, లెక్క సమానమవుతుంది, ఆట మళ్ళీ మొదలవుతుంది. ఆ దారి ఇస్రాయేలుకు కనబడింది కూడా. కనబడి, గుర్రం మీద చెయ్యి వేసి, దాన్ని వదల్లేక, ఇంకా లోపలికి జరుపుకున్నాడు. గడప మీద సుక్కమ్మకు ఆట తెలియదు. తెలియకపోయినా చెమట పట్టిన అతని మెడ చూసి ఆమె లేచి నిలబడింది.

వీరేశం గుర్రం రాజు ముందుకు వచ్చి కూర్చుంది. "చెక్," అన్నాడు, మెల్లగా, నమ్మలేనట్టు. రాజు పక్కకు జరిగాడు. తెల్ల మంత్రి లోపలికి దూరాడు. ఇస్రాయేలు దాచిపెట్టుకున్న పావులన్నీ రాజు చుట్టూ కిక్కిరిసి, ఆ రాజుకే అడుగు తీసి వేసే జాగా లేకుండా చేశాయి. ఆ తర్వాత ఎత్తులు ఎక్కువ లేవు.

వీరేశం బోర్డు మీదికి వంగి, ప్రతి గడినీ వేలితో తడిమి, రాజుకు దారి లేదని చూసుకున్నాడు.

"నిజంగ ఆడినవా?" అన్నాడు. గొంతులో అనుమానం, ఆశ. "నా మీద జాలి పడి ఆడలేదు గదా? ఒట్టు వెయ్యి."

ఏమని వెయ్యాలి ఒట్టు? కావాలని ఓడానని చెబితే ఆట రద్దయిపోతుంది, రేపు ఆటో ఎక్కించొచ్చు. ఆ మాట ఇస్రాయేలు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా వీరేశం మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయి ఉంది. ఇన్నేళ్ళూ గుర్రం ఇచ్చి ఇచ్చి, చివరికి గెలిచిన మొహం అది. బోర్డు ముందు వీళ్ళిద్దరూ ఒకరితో ఒకరు అబద్ధమాడింది లేదు.

"నిజంగనే ఆడిన," అన్నాడు. "ప్రభువు తోడు. నువ్వే గెలిచినవ్."

వీరేశం గోడకు ఒరిగిపోయాడు. నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. "సుక్కీ! చెంబెడు నీళ్ళు తే," అన్నాడు. "కొలవకు. నిండుగ తే."

సుక్కమ్మ కదల్లేదు. అతను మళ్ళీ అడిగాక లోపలికి పోయి తెచ్చింది. వీరేశం చెంబు రెండు చేతులతో ఎత్తి, ఎక్కడా ఆపకుండా తాగాడు. నీళ్ళు గడ్డం మీదుగా బనియన్‌లోకి కారాయి. తాగి, కళ్ళు మూసుకుని, "అబ్బ," అన్నాడు. రెండేళ్ళ నుంచి ఆ మనిషి నోట అంత తృప్తి ఎవరూ వినలేదు.

సైకిలు తీస్తుంటే సుక్కమ్మ వెనకే వాకిలి దాటి వచ్చింది.

"కావాల్నే ఓడినవ్," అంది.

"లేదు చెల్లె."

"ఇన్నేండ్లు ఓడనోనివి ఇయ్యాల్నే ఓడినవా? ఆయన సెప్పిండా నీకు? ఇద్దరు కలిసి అనుకున్నరా?"

"ప్రభువు తోడు చెల్లె, గెలువాల్నని ఆడిన."

ఆమె నమ్మలేదు. నమ్మితే మాత్రం ఏమవుతుంది? కావాలని ఓడి ఉంటే కనీసం దోస్తు కోరిక తీర్చానన్న మాటైనా మిగిలేది. అతనికి అదీ లేదు. బతికించుకోవాలని ఆడి, పిడికిలి విప్పలేక ఓడాడు. ఈ సంగతి ఆమెకు చెప్పాలంటే గుర్రం గురించి, బంటు గురించి చెప్పాలి. ఏడుస్తున్న ఆడమనిషికి గుర్రం గురించి ఏం చెబుతాడు? ఇస్రాయేలు సైకిలు నడిపించుకుంటూ పోయాడు, ఎక్కడం కూడా మరిచిపోయి.

మర్నాడు తెల్లారగానే దివాకర్ ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఇస్రాయేలు అప్పటికే అక్కడున్నాడు. రాత్రంతా అనుకున్న మాట అనేశాడు. "నిన్నటి ఆట లెక్కల తీస్కోకురా. పోదాం పా. నీ కాళ్ళు మొక్కుత."

వీరేశం అతని వైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "నేను ఏనాడు మాట తప్పలే. నేను ఓడినప్పుడు లారీ ఎక్కలేదా?" అన్నాడు. "నువ్వు మాట తప్పుతవారా ఇప్పుడు?"

ఇస్రాయేలు మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు. దివాకర్ కాసేపు నిలబడి, ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆటో తిప్పుకుని ఖాళీగా పోయాడు.

ఆ తర్వాత ఇస్రాయేలు రోజూ సాయంత్రం పోయి మంచం పక్కన కూర్చున్నాడు. బోర్డు తియ్యలేదు. వీరేశం ఎక్కువసేపు మగతలో ఉండేవాడు. మెలకువ వచ్చినప్పుడు రోడ్ల పేర్లు, దాబాల పేర్లు చెప్పేవాడు. ఒకసారి కళ్ళు తెరిచి, "ఉరుకుతున్నయిరా," అని నవ్వాడు. వారం తిరక్కుండానే ఒక పొద్దున, సుక్కమ్మ చాయ్ పెట్టి తెచ్చేలోపు ఊపిరి ఆగిపోయింది. పాడెకు ఒక పక్క ఇస్రాయేలు దిగిన భుజం పట్టాడు. ఆ భుజం ఎత్తు సరిపోక పాడె అతని వైపు ఒరిగిందని వెనక ఎవరో కసిరారు. దినాలు అయ్యేదాకా సుక్కమ్మ అతనితో మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. అతను పలకరించబోతే కొంగు సర్దుకుని లోపలికి పోయేది. లీలమ్మ పోయి నచ్చజెప్పబోయింది గానీ, ఆమెతోనూ సరిగా మాట్లాడలేదట.

షాపులో పని ఎప్పటిలాగే సాగింది. బీరప్ప కేకలూ ఆగలేదు. ఇస్రాయేలు ట్యూబులు ముంచాడు, సున్నాలు చుట్టాడు, ప్యాచీలు వేశాడు. ఒక్కోసారి ప్యాచీ అతికించి, దాని మీంచి చెయ్యి తియ్యకుండా అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయేవాడు. "ఏందయ్యా, అతుకు పడ్డది గదా, ఇడువు," అని బండివాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆ ఎత్తు దగ్గర తన వేళ్ళు ఎందుకు ఆగాయో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థమైనా చెప్పుకోవడానికి, బోర్డు తెలిసిన మనిషి భూమ్మీద ఇంకొకడు లేడు. ఈ మాట తోచినప్పుడు మాత్రం అతను షెడ్డు వెనక్కి పోయి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం దివాకర్ ఆటోను నెట్టుకుంటూ వచ్చాడు. వెనక టైరు పోయింది.

"జర జల్ది కానియ్ కాకా, నల్లగొండ కిరాయి ఉన్నది," అన్నాడు.

ఇస్రాయేలు జాకీ పెట్టి, నట్లు విప్పి, చక్రం ఊడదీశాడు. ట్యూబు తీసి, ముంచి, అతుకు వేసి, గాలి కొట్టి, మళ్ళీ చక్రం ఎక్కించాడు. నట్లు బిగించడానికి వంగినప్పుడు చూపు ఆటో లోపలికి పోయింది.

"గా దిండు నీ దోస్తుదే కాకా," అన్నాడు దివాకర్, అతని చూపు ఎటు పోయిందో గమనించి. "పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తల కింద పెట్టుకునేటోడు. ఇద్దామని పోతె, నాకొద్దు తీస్కపో అన్నది సుక్కమ్మ. పారెయ్య బుద్ధి గాలేదు."

ఇస్రాయేలు పానా కింద పెట్టి, చెయ్యి చాచబోయి, వేళ్ళ నిండా ఉన్న గ్రీజు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. "మంచిగ ఉన్నది, పో," అన్నాడు టైరు గురించి. ఆటో కదిలింది. వెనక సీటు మూలన, పాత గళ్ళ లుంగీతో కుట్టిన చిన్న దిండు, నడుమ తల ఆనిన పల్లం అట్లాగే ఉండిపోయి, రోడ్డు కుదుపుకు కొద్దికొద్దిగా ఊగుతూ పోయింది.